పూత మీద పూల పెంకు పురుగు, పెంటకుప్పలో తెల్ల పురుగు: ఏది ఏమిటో గుర్తుపట్టడం ఎలా?

బెండ, వంగ, కంది, మొక్కజొన్న పూతకు వచ్చే రోజుల్లో ఇటుక ఎరుపు మీద నల్ల మచ్చలు, తెల్ల చుక్కలు ఉన్న చిన్న పెంకు పురుగు పువ్వులో తల దూర్చి కనిపిస్తుంది. అదే రైతు పశువుల పాక వెనక పెంటకుప్ప తిరగేస్తే కొడవలిలా వంగిన లావుపాటి తెల్ల పురుగులు బయటపడతాయి. మామిడికుదురు మండలంలో వైనతేయ ఒడ్డున లంకలో కూరగాయల మడి, ఊళ్ళో కొబ్బరి తోట, ఇంటి దగ్గర పెంటకుప్ప ఒకే కుటుంబానికి ఉండడం మామూలే. అందుకే ఈ పురుగుల గురించి విడివిడిగా కాక కలిపి తెలుసుకోవాలి. కుప్పలో దొరికింది పూల పెంకు పురుగు పిల్ల కావచ్చు, కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు పిల్ల కావచ్చు. మొదటిదైతే అది మీ ఎరువును మగ్గబెడుతోంది. రెండోదైతే కొన్ని నెలల్లో రెక్కలొచ్చి మీ కొబ్బరి చెట్టెక్కుతుంది.

ఇక్కడ రెండు రకాల పొరపాట్లు జరుగుతుంటాయి. పూత మీద నాలుగు పురుగులు కనపడగానే మందు కొట్టడం, కుప్పలో తెల్ల పురుగు కనపడగానే గుళికలు చల్లడం ఒక రకం. ‘పెంటలో పురుగులు ఉండకపోతే ఇంకెక్కడ ఉంటాయి’ అని కొమ్ము పురుగు పిల్లలను కూడా వదిలేయడం రెండో రకం. నష్టం లెక్కేస్తే రెండోదే పెద్దది. ఎదిగే కొబ్బరి మొక్క మొవ్వు పోతే మొక్కే పోవచ్చు, నాలుగైదేళ్ళ చాకిరీ దానితో పోతుంది.

పేరు, వర్గీకరణ

పూత మీద కనిపించే ఈ పురుగు శాస్త్రీయ నామం గామెటిస్ వెర్సికలర్. వెర్సికలర్ అనే లాటిన్ మాటకు రకరకాల రంగులు కలది అని అర్థం. పేరుకు తగ్గట్టే ఒకే తోటలో పట్టిన పురుగుల్లో కొన్నింటికి ఎరుపు ఎక్కువ, కొన్నింటికి నలుపు ఎక్కువ. రంగు తేడా చూసి రెండు జాతులు అనుకోనక్కర లేదు.

డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రీసియస్ 1775లో దీన్ని సెటోనియా వెర్సికలర్ అని వర్ణించాడు. బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో 1910లో ఈ వర్గపు పురుగుల మీద సంపుటం రాసిన ఆరో దీనిని ఆక్సిసెటోనియా ప్రజాతిలో చేర్చాడు. మన వ్యవసాయ పాఠ్యపుస్తకాల్లో, పాత కరపత్రాల్లో ఆక్సిసెటోనియా వెర్సికలర్ అనే పేరే ఎక్కువగా కనిపిస్తుంది. ఇప్పటి వర్గీకరణలో ప్రజాతి పేరు గామెటిస్. ఒక పుస్తకంలో ఒక పేరు, ఇంకో చోట ఇంకో పేరు కనపడితే కంగారు పడవద్దు, పురుగు ఒకటే.

ముందు రెక్కలు గట్టి పెంకులా మారి వెనక రెక్కలకు ఒర లాగా ఉండే పురుగులన్నీ కోలియోప్టెరా అనే క్రమంలోకి వస్తాయి. ధాన్యంలో ముక్క పురుగు, అక్షింతల పురుగు, కొబ్బరిలో ఎర్రముక్కు పురుగు అన్నీ ఈ క్రమంలోవే. ఇందులో స్కారాబేయిడే ఒక కుటుంబం. మన పేడ పురుగు కుటుంబం అనుకుంటే సులువుగా గుర్తుంటుంది. ఈ కుటుంబాన్ని పోల్చుకోవడానికి మీసాలు చూడాలి. మీసం చివర చిన్న రేకులు పుస్తకం పేజీల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పురుగు వాటిని విప్పగలదు, ముడవగలదు. వాసన పట్టేది వాటితోనే.

ఇంటిపేరు ఒకటే అయినా గడపలు వేరు. ఈ కుటుంబంలో రైతుకు తగిలే ఉపకుటుంబాలు నాలుగు. పేడను ఉండలు చేసి దొర్లించే, పూడ్చే పేడ పురుగులు స్కారాబేయినే. ఇవి నేలకు మేలు చేస్తాయి. వేరుశనగ, చెరకు వేర్లు కొరికే వేరు పురుగులు మెలొలాంథినే. కొబ్బరి కొమ్ము పురుగు డైనాస్టినే ఉపకుటుంబంలోది, దాని పేరు ఒరిక్టెస్ రైనోసెరస్. మనం చెప్పుకుంటున్న పూల పెంకు పురుగు సెటోనియినే ఉపకుటుంబంలోది. ప్రపంచంలో ఈ ఉపకుటుంబం పురుగులు సుమారు 4,000 జాతులు ఉన్నాయి. ఆఫ్రికాలో అరచేతిలో సగం ఉండే గోలియత్ పెంకు పురుగు కూడా ఈ ఇంటిదే. మన దగ్గర మొక్కజొన్న, జొన్న పూత మీద మెరిసే ఆకుపచ్చ రంగులో కనపడే చిలోలోబా, రాగి మెరుపు మీద తెల్ల చుక్కలుండే ప్రొటీషియా కూడా దీని దగ్గరి చుట్టాలు.

ఇదంతా చదువుకున్నవాళ్ళ లెక్క, మాకెందుకు అనుకోవద్దు. పురుగు ఏ గడపలోదో తెలిస్తే అది ఏం తింటుందో, ఎప్పుడు ఎగురుతుందో, దాని పిల్ల ఎక్కడ పెరుగుతుందో సగం తెలిసినట్టే.

నోరు చూస్తే పని తెలుస్తుంది

పూల పెంకు పురుగు 12 నుంచి 15 మి.మీ. పొడవు ఉంటుంది. దాని దవడలు మెత్తటివి, పొర లాంటివి. గట్టి కాండాన్నో మట్టనో కొరకడం దాని వల్ల కాదు. పుప్పొడి, మకరందం, లేత రేకులు, కేసరాలు, ఒక్కోసారి పగిలిన పండు గుజ్జు, చెట్టు గాయం నుంచి కారే రసం, ఇవే దాని తిండి.

కొమ్ము పురుగు 35 నుంచి 50 మి.మీ. ఉంటుంది, నల్లగా మెరుస్తుంది, తల మీద వెనక్కి వంగిన కొమ్ము ఉంటుంది. మగదానికి కొమ్ము పొడవు, ఆడదానికి పొట్టి. దీని దవడలు గట్టివి. విచ్చుకోని మొవ్వులోకి తొలుచుకుపోయి రసం పీలుస్తుంది. పీచు నమిలి బయటకు నెడుతుంది. ఆ మొవ్వు విప్పారాక ఆకు కత్తెరతో కోసినట్టు, విసనకర్రలా కనిపించేది అందుకే.

ఎగిరే పద్ధతి కూడా వేరు. పెంకు పురుగులు చాలావరకు పై పెంకులు రెండూ ఎత్తి పట్టుకుని ఎగురుతాయి. పూల పెంకు పురుగుకు పెంకు పక్క అంచున, భుజం వెనక ఒక నొక్కు ఉంటుంది. పెంకులు మూసే ఉంచి ఆ నొక్కులోంచి వెనక రెక్కలు పక్కకు చాపి ఎగురుతుంది. ఎండ బాగా ఉన్నప్పుడు ఝుమ్మని చప్పుడు చేస్తూ పోతుంటే తేనెటీగ అనుకునేవాళ్ళు ఉన్నారు. కొమ్ము పురుగు పగలు దాక్కుని రాత్రి ఎగురుతుంది. వీధి దీపం కింద పొద్దున్నే పడి ఉండే నల్ల పురుగు అదే. పగలు పువ్వు మీద కూర్చున్న ఏ పురుగూ కొమ్ము పురుగు కాదు.

చేత్తో ఏరే ముందు ఒక హెచ్చరిక

బెండ, కంది పువ్వుల మీద ఎరుపు–నలుపు రంగుల్లో ఇంకో పురుగు కూడా వాలుతుంది. దాన్ని బ్లిస్టర్ బీటిల్ అంటారు, మైలాబ్రిస్ దాని ప్రజాతి. ఇది స్కారాబ్ కుటుంబంలోది కాదు. ఒళ్ళు పొడవుగా, మెత్తగా ఉంటుంది. మెడ సన్నగా, తల కిందికి వంగి ఉంటుంది. పెంకుల మీద నలుపు, నారింజ రంగు పట్టీలు అడ్డంగా ఉంటాయి. మీసం చివర రేకులు ఉండవు. దీన్ని వేళ్ళతో నలిపితే కాంథరిడిన్ అనే రసం అంటుకుని చర్మం బొబ్బలెక్కుతుంది. ఆ చేత్తో కన్ను నలుపుకుంటే బాధ మరీ ఎక్కువ. పూల పెంకు పురుగు అలా కాదు. పలకగా, పొట్టిగా, గట్టిగా ఉంటుంది, పట్టుకుంటే ఏమీ చేయదు. పిల్లలను ఏరడానికి పంపేవాళ్ళు ఈ తేడా వాళ్ళకు చూపించి పంపాలి. ఏది ఏదో తేలకపోతే చేతికి తొడుగు వేసుకోవాలి, లేదా పువ్వు కింద సబ్బు నీళ్ళ డబ్బా పెట్టి కొమ్మ తట్టాలి.

పూత మీద నష్టం ఎంత?

బెండ, వంగ పువ్వుల్లో కేసరాలు, కీలాగ్రం తినేస్తే ఆ పువ్వు కాయ కట్టకుండా రాలుతుంది. కంది పూత గుత్తుల మీద ఎక్కువగా చేరితే మొగ్గలు, పూలు పోతాయి. గులాబీలో కాయతో పని లేదు, రేకు మీద చిల్లు పడితే పువ్వు ధర పోతుంది. గులాబీ వేసినవాళ్ళు కూరగాయ రైతుల కంటే ముందుగా మేలుకోవాలి.

కానీ చాలా మడుల్లో మొక్కకు ఒకటో రెండో ఉండి పోతాయి. బెండ వరుసగా పూస్తూనే ఉంటుంది కాబట్టి రోజూ కొన్ని పువ్వులు పోయినా దిగుబడిలో పెద్దగా తెలియదు. నా ఉద్దేశంలో మొక్కకు ఒకటి రెండు పురుగుల కోసం మందు కొట్టడం డబ్బు దండగ. ఆ మందు వల్ల పోయేది కూడా చూడాలి. లంక మడుల్లో బెండ పక్కనే బీర, దోస, పొట్ల ఉంటాయి. వీటికి ఆడ పువ్వు వేరు, మగ పువ్వు వేరు. తేనెటీగలు పుప్పొడి మోయకపోతే పిందె పసుపెక్కి రాలిపోతుంది. వంగ పువ్వులో పుప్పొడి దులపడానికి కూడా ఈగల అదురు కావాలి. కొబ్బరి పూత మీదా తేనెటీగలు తిరుగుతాయి. పూతలో కొట్టిన మందు పెంకు పురుగుకు తగులుతుందో లేదో గాని తేనెటీగకు తప్పక తగులుతుంది. పైగా బెండ రెండు రోజులకోసారి కోసి అమ్మే పంట. నిన్న మందు కొట్టిన కాయ రేపు బజారుకు పోతుంది.

పురుగులు ఎక్కువైతే పొద్దున్నే, ఎండ ముదరక ముందే ఏరాలి. ఆ వేళ చల్లదనానికి మందకొడిగా ఉంటాయి, పువ్వులోనే దొరుకుతాయి. మధ్యాహ్నం వెళ్తే చెయ్యి చాపేలోపే ఎగిరిపోతాయి. ఏరినవి సబ్బు నీళ్ళలో గాని కొద్దిగా కిరసనాయిలు కలిపిన నీళ్ళలో గాని వేయాలి. వరుసగా నాలుగైదు రోజులు ఏరితే చిన్న మడికి సరిపోతుంది. ఇంకా తగ్గకపోతే 5 శాతం వేప గింజల కషాయం సాయంత్రం పూట, తేనెటీగలు గూటికి చేరాక పిచికారీ చేయవచ్చు. పువ్వులో తిరిగే ప్రతి పెంకు పురుగూ శత్రువు కాదని కూడా గుర్తుండాలి. మన గోదావరి జిల్లాల పామాయిల్ తోటల్లో గెల కట్టేది ఒక చిన్న ముక్కు పురుగు పుప్పొడి మోయడం వల్లనే. దాన్ని పని కట్టుకుని 1985లో మన దేశానికి తెచ్చారు.

పెంటకుప్పలో పరీక్ష

పూల పెంకు పురుగు ఆడది మగ్గిన ఎరువులో, ఆకు చెత్త ఉన్న మట్టిలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు కుళ్ళిన చెత్తను తిని గింజల్లాంటి పెంట వేస్తుంది. ఆ పెంట మంచి ఎరువే. తర్వాత మట్టి, పెంట కలిపి గట్టి గూడు కట్టుకుని అందులో ప్యూపా అవుతుంది. కుప్పలో కోలగా ఉండే మట్టి ఉండ దొరికితే విప్పి చూడండి, లోపల అదే ఉండవచ్చు.

కొమ్ము పురుగు పిల్ల తినేది కూడా కుళ్ళిన పెంట, కుళ్ళిన కొబ్బరి మొద్దే. పెంటలో ఉన్నంతకాలం రెండూ ఒకే పని చేస్తాయి. తేడా అంతా రెక్కలొచ్చాకే. అందుకే కుప్పలో ఉండగానే ఏది ఏదో తేల్చుకోవాలి.

సైజు చూసి తేల్చవద్దు. ఎదిగిన కొమ్ము పురుగు పిల్ల బొటనవేలి కంటే లావుగా, చాపితే 80 నుంచి 100 మి.మీ. దాకా ఉంటుంది. పూల పెంకు పురుగు పిల్ల ఎన్నడూ అంత పెరగదు. అయితే కొమ్ము పురుగు పిల్ల కూడా ఒకప్పుడు చిన్నదే కదా. రంగూ అంతే, రెండూ తెలుపే, రెండింటికీ గోధుమ రంగు తల, మూడు జతల కాళ్ళు.

నడక చూడాలి. కుప్పలోంచి నాలుగైదు పురుగులు తీసి నీడలో చదునైన గట్టి నేల మీదో పళ్ళెం మీదో పెట్టండి. కదపకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగండి. పూల పెంకు పురుగు పిల్ల ఒళ్ళు చాపుకుని వెల్లకిలా తిరుగుతుంది. కాళ్ళు ఆకాశం వైపు పెట్టి వీపు మీద అలల్లా కదులుతూ చురుగ్గా పాకిపోతుంది. దాని కాళ్ళు ఒంటికి చాలా పొట్టి, పనికొచ్చేవి కావు. వీపు మీది ముడతలు, పొట్టి వెంట్రుకలే దానికి కాళ్ళు. మీరు బోర్లా తిప్పి పెట్టినా మళ్ళీ వెల్లకిలా పడి పాకుతుంది. కొమ్ము పురుగు పిల్ల ఇలా చేయదు. ముడుచుకుని పక్కకు పడి ఉంటుంది, లేదా పక్క మీదే ఈడ్చుకుంటూ మట్టిలోకి దూరడానికి చూస్తుంది. కాళ్ళే లేని తెల్ల పురుగు కొబ్బరి కాండంలోనో మొవ్వులోనో దొరికితే అది ఈ రెండూ కాదు, ఎర్రముక్కు పురుగు పిల్ల. అప్పుడు మాత్రం ఆలస్యం చేయవద్దు.

ఈ వెల్లకిలా పాకే పరీక్ష ఊళ్ళో చెప్పుకునే చిట్కా కాదు. సెటోనియినే ఉపకుటుంబం పిల్ల పురుగులకున్న గుర్తింపు లక్షణం. హవాయి దీవుల్లో 2013లో కొమ్ము పురుగు మొదటిసారి కనపడినప్పటి నుంచి అక్కడి అధికారులు ఇళ్ళ వెనక కంపోస్టు కుప్పల్లో దాని పిల్లల కోసం వెతికిస్తున్నారు. అక్కడా కుప్పల్లో ప్రొటీషియా అనే పూల పెంకు పురుగు పిల్లలు కలిసే ఉంటాయి. వాటిని వేరు చేయడానికి అక్కడి జనానికి నేర్పేదీ ఇదే పరీక్ష.

కొమ్ము పురుగు అని తేలితే

ఒక్క కుప్పలో రెండు రకాలూ ఉండవచ్చు. తీసిన వాటిలో ఒక్కటి కొమ్ము పురుగు పిల్ల అయినా ఆ కుప్పను కొమ్ము పురుగు కుప్పగానే చూడాలి. పూల పెంకు పురుగు పిల్లలు కొన్ని పోతాయని వెనకాడవద్దు.

కొమ్ము పురుగు గుడ్డు దశ 8 నుంచి 18 రోజులు, పిల్ల దశ సుమారు 100 నుంచి 180 రోజులు, ప్యూపా దశ 10 నుంచి 25 రోజులు ఉంటుంది. అంటే రెక్కలు రావడానికి నాలుగు నుంచి ఏడు నెలలు పడుతుంది. రెండు నెలలకోసారి కుప్పను అడుగు దాకా తిరగేసి పురుగులను ఏరేస్తే ఏ పురుగూ ఎగిరే దాకా రాదు. ఏరినవి కోళ్ళకు వేయండి, అవే శుభ్రం చేస్తాయి. పెద్ద కుప్పను తిరగేయడం ఒక్కరి పని కాదు, పొలానికి ఎరువు తోలే రోజునే ఈ పని కూడా పెట్టుకుంటే కూలీ కలిసొస్తుంది.

తిరగేయడం కుదరని గోతులకు మెటారైజియం అనే పచ్చ శిలీంధ్రం వాడాలి. సిఫారసు ప్రకారం ఒక ఘనపు మీటరు ఎరువుకు 5 లక్షల కోట్ల సిద్ధబీజాలలో పదో వంతు, అంటే 50 వేల కోట్లు అందాలి. ఈ లెక్క మీరు వేయనక్కర లేదు, సరఫరా చేసేవాళ్ళు నీళ్ళలో ఎంత కలపాలో చెబుతారు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మనకు దగ్గర్లోనే ఉంది. వెళ్ళే ముందు శిలీంధ్రం అందుబాటులో ఉందో లేదో మీ రైతు సేవా కేంద్రం ద్వారా కనుక్కుని వెళ్ళండి. కుప్ప తడిగా, నీడలో ఉంటేనే శిలీంధ్రం పట్టుకుంటుంది. ఎండిన కుప్ప మీద చల్లితే వృథా. పట్టిన పురుగు మొదట గట్టిపడి, తర్వాత ఒంటి మీద ఆకుపచ్చ పొడి అలుముకుంటుంది. అలాంటి పురుగులను పారేయకుండా కుప్పలోనే వదిలేయాలి, వాటి నుంచే మిగతా వాటికి అంటుకుంటుంది. గుళికలు చల్లిన కుప్పలో పేడ పురుగులు, వానపాములు కూడా చస్తాయి. ఆ ఎరువు తర్వాత కూరగాయ మడికే వెళ్తుంది. కనుక ఆ జోలికి పోవద్దు.

తోటలో చచ్చిన చెట్ల మొద్దులు, నిలబడి కుళ్ళే మోళ్ళు కుప్పకంటే ఎక్కువ పురుగును పెంచుతాయి. 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళకు కొబ్బరి చెట్లు ఎలా వరసలుగా పడిపోయాయో గుర్తుంటుంది. పడిన మొద్దును అలాగే వదిలేస్తే అది కొమ్ము పురుగుకు పురిటిల్లు. చీల్చి ఎండబెట్టి వంటచెరకుగా వాడేయాలి. పక్క తోటవాళ్ళు వదిలేస్తే మీ తోటలో ఎంత చేసినా ఫలితం తక్కువే, పురుగుకు గట్టు తెలియదు.

చిన్న కొబ్బరి మొక్కలకు మొవ్వు దగ్గరి రెండు మూడు మట్టల మొదళ్ళలో వేప పిండి 250 గ్రాములు, సన్న ఇసుక 250 గ్రాములు కలిపి ఏడాదికి మూడుసార్లు వేయాలి. లేదా ఆ మొదళ్ళలో మూడు నాఫ్తలీన్ ఉండలు పెట్టి పైన ఇసుక కప్పి 45 రోజులకోసారి మార్చాలి. తాజా రంధ్రం, నమిలిన పీచు కనపడితే ఇనుప కొక్కెంతో పురుగును బయటకు లాగాలి. దింపు తీసేవాళ్ళకు ఈ మాట ముందే చెప్పి ఉంచితే చెట్టెక్కిన ప్రతిసారీ మొవ్వు చూస్తారు. కొమ్ము పురుగు చేసిన గాయం వాసనకే ఎర్రముక్కు పురుగు వస్తుంది. మొదటిదాన్ని ఆపితే రెండోదానికి దారి సగం మూసుకుంటుంది.

ఏ పురుగో తేలకపోతే

గ్రామ ఉద్యాన సహాయకుడికి చూపించండి. ఫోనులో ఫోటో పంపితే చాలదు, నడక ఫోటోలో కనపడదు. పాకేటప్పుడు వీడియో తీస్తే పనికొస్తుంది. తెచ్చేటట్లయితే మూతకు చిల్లులు పెట్టిన డబ్బాలో అది దొరికిన ఎరువే సగం దాకా నింపి, నాలుగైదు పురుగులు వేసి తీసుకురండి. ఎండలో పెట్టవద్దు. ఒకే డబ్బాలో ఎక్కువ వేస్తే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. నీళ్ళలోనో కిరసనాయిలులోనో వేసి తెస్తే చచ్చిపోతాయి, చచ్చిన పురుగును పాకించి చూడలేము.